థామస్ రైలీ వదిలేసిన క్యాచ్

నాది బేస్ వాయిస్. ఆటేమో బేస్‌బాల్. ఈ రెండు బేసులూ ఒక్కటైంది ఒకే ఒక్క వేసవిలో, మేముండే హామిల్టన్ ఊరి తూర్పు చివర ఒక పార్కులో. మే నెలలో మొదలైన ఆ వేసవి ఆగస్టులో ముగిసేసరికి మా ఇంట్లో ఒకరి నోరు తగ్గింది. ఎవరిదో వేరే చెప్పాలా?

మే చివరి ఆదివారం మా తెలుగువాళ్ళ పిక్నిక్. ఒక పక్క బంతి ఆట, ఇంకో పక్క బంతి భోజనం. నేను ఎప్పట్లాగే రెండో బంతిలో ఉన్నాను. మా ఆవిడ దమయంతి ఎడమ చేత్తో పెరుగన్నం ట్రే పట్టుకుని వడ్డిస్తోంది. అంతలో పక్క మైదానం నుంచి ఎవరో "హెడ్స్!" అని అరిచారు. తలెత్తి చూస్తే తోలు బంతి ఒకటి సరాసరి మా గోంగూర పచ్చడి మీదికి దిగుతోంది. అందరం తలలు దాచుకున్నాం. దమయంతి ట్రే కదపకుండా కుడి చెయ్యి పైకెత్తింది. టప్‌మని చప్పుడు. బంతి అరచేతిలో ఉంది. ట్రే నా ఒళ్ళో పెట్టి, రెండడుగులు వేసి, దాన్ని వెనక్కి విసిరింది. అది ఎక్కడా వంపు తిరగకుండా వెళ్ళి, ఆ మైదానం నడుమ నిలబడ్డ మనిషి గుండెల దగ్గర ఆగింది.

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆవిడ నా మీదికి ఏదీ విసరలేదు. నేనెంత అదృష్టవంతుణ్ణో అప్పుడు తెలిసింది.

కాసేపటికి ఆ మైదానం నుంచి ఒక పెద్దాయన కుంటుకుంటూ వచ్చాడు. ఛాతీ మీద పెద్ద అక్షరం కుట్టిన ఉన్ని చొక్కా, మోకాళ్ళ దాకా ప్యాంటు, తెల్లటి మీసాలు. పేరు గోర్డన్. రిటైరైన హిస్టరీ టీచరు. పేరుకు తగ్గట్టు గోరంత సంగతిని కొండంత శ్రద్ధగా చూసే మనిషి.

"మేడమ్, ఆ విసరడం ఎక్కడ నేర్చుకున్నారు?"

"నిజామాబాద్."

"అది ఏ రాష్ట్రంలో? ఒహాయోనా?"

"ఆర్మూర్ పక్కన," అంది దమయంతి.

ఆయన అదేదో తనకు తెలియాల్సిన ఊరేనన్నట్టు తలాడించి, సంగతి చెప్పాడు. 1878లో హామిల్టన్‌కీ, ఎల్మ్‌ఫోర్డ్ అనే ఊరికీ మధ్య ఛాంపియన్‌షిప్ సిరీస్ జరిగిందట. జీతాలు తీసుకుని ఆడే ఆటగాళ్ళు, ఐదు ఆటలు. ఈ వేసవిలో ఆయన క్లబ్బు ఆ సిరీస్‌ని అప్పటి బట్టలతో, అప్పటి రూల్సుతో మళ్ళీ ఆడబోతోంది. గ్లౌజులు ఉండవు, బంతిని నడుము కింద నుంచి విసరాలి. అంపైరు తనకి కనబడనిదాన్ని చూసినవాళ్ళని అడుగుతాడు, వాళ్ళు ప్రమాణపూర్తిగా నిజం చెప్పాలి. అంతా సిద్ధమేగానీ, ఆయన టీములో ఇద్దరికి మోకాళ్ళ ఆపరేషన్లు అయ్యాయి.

అలా మా శంకరూ, దమయంతీ 1878లోకి వెళ్ళిపోయారు. శంకర్ నా ఆఫీసువాడు, కర్నూలు వాడు, క్రికెట్ పిచ్చోడు. నన్ను ఆట్లోకి తీసుకోలేదు. నా కేకలు విన్న గోర్డన్ నా చేతికి ఒక రేకు గరాటా ఇచ్చి, స్కోరు చెప్పే ఉద్యోగం వేశాడు.

దమయంతి సాఫ్ట్‌బాల్ ఆడేదని నాకు తెలియకపోలేదు. రెండుసార్లు నేషనల్స్‌కి వెళ్ళిందని పెళ్ళిచూపుల్లోనే చెప్పారు. "ఇంకేం, సాఫ్ట్‌వేర్ నాది, సాఫ్ట్‌బాల్ అమ్మాయిది, మధ్యలో హార్డ్‌గా మామగారొక్కరే" అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆ తరవాత ఆ ఆట ప్రస్తావన మా ఇంట్లో రాలేదు. నవ్వేశాం కదా, అయిపోయిందనుకున్నాను.

*

మొదటి ఆట జూన్ రెండో శనివారం. రెండొందల మంది వచ్చారు. గోర్డన్ పొడుగు టోపీ, నల్ల కోటు వేసుకుని, ఎంపైరు కాలపు అంపైరు అయ్యాడు. దమయంతి నల్లపూసలు తీసి నా జేబులో పెట్టి, లెఫ్ట్ ఫీల్డులోకి పరుగెత్తింది. నలభై ఆరేళ్ళ మనిషి. హాస్పిటల్ ల్యాబ్‌లో రోజంతా మైక్రోస్కోపు మీద వంగి ఉండే మనిషి. అంత తేలిగ్గా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు.

శంకర్ మొదటి బంతికే ఇరగ్గొట్టాడు. కొట్టి, బ్యాటు పట్టుకునే పరుగెత్తాడు. ఫస్ట్ బేసుకి రెండు గజాల దూరం నుంచే నేల మీద జారి, క్రీజు దాటినట్టు బ్యాటును బేసు మీద ఆనించి, వీరుడిలా పైకి చూశాడు. బేసు దగ్గరున్న ఎల్మ్‌ఫోర్డ్ కుర్రాడు ఆ బ్యాటు వైపు, వీడి వైపు మార్చి మార్చి చూసి, బంతితో మెల్లగా వీడి భుజం తట్టాడు.

"సర్," అన్నాడు గోర్డన్ టోపీ సవరించుకుంటూ, "బేసును తాకాల్సింది మీరు. మీ బ్యాటు కాదు."

రెండోసారి వాడు బ్యాటు పారేశాడు. సగం దూరం వెళ్ళి, గుర్తొచ్చి, వెనక్కొచ్చి తీసుకున్నాడు.

"ఏందన్నా ఇది," అన్నాడు నా బల్ల దగ్గర కూలబడుతూ. "బ్యాటు పారేసి ఉరకమంటే ఎట్లన్నా? చిన్నపిల్లోన్ని రోడ్డు మీద ఇడిసిపెట్టి పోయినట్లుంటాది."

"పరుగు పోయినా పరువు దక్కిందిలేరా. బ్యాటు నీతోనే ఉంది."

గరాటా నా చేతిలో ఉంది. జనం ఎదురుగా ఉన్నారు. ఇంకేం కావాలి? పిచ్చరు పిచ్చెక్కినట్టు విసురుతున్నాడని ఒకటి, అంపైరు టోపీలో కుందేలుందని ఒకటి వేశాను. ఏడో ఇన్నింగ్స్‌లో ఊపొచ్చింది. "లేడీస్ అండ్ జెంటిల్మెన్! లెఫ్ట్ ఫీల్డులో ఉన్నది నా భార్య. ఇంట్లో మాత్రం ఆవిడ ఎప్పుడూ రైటే!" అన్నాను ఇంగ్లీషులో. జనం గొల్లుమన్నారు. నేను లేచి, గరాటా గుండెకి ఆనించుకుని, నాలుగు వైపులా వంగి దండాలు పెట్టాను. అలా వంగి లేచేసరికి ఎల్మ్‌ఫోర్డ్ వాళ్ళు ఔటై లోపలికి పోతున్నారు. ఏదో జరిగింది. శంకర్ దమయంతి వీపు చరుస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఫ్రోజెన్ బఠాణీల సంచీలో వేళ్ళు పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. మా అమ్మాయి ఇషిత ఎదురుగా ఫోను చూసుకుంటోంది. నేను చారు పెడుతున్నాను.

"ఇవ్వాళ మీ అమ్మ క్యాచూ కాచింది, నేను చారూ కాచాను," అన్నాను.

"డాడ్, ప్లీజ్," అంది ఇషిత తలెత్తకుండా.

"ఏడో ఇన్నింగ్స్‌ల నేను పట్టింది చూసిండ్రా?" అని దమయంతి అడిగింది.

"చూడకపోవడమేమిటి! అద్భుతం!"

"ఏ చెయ్యితోని పట్టిన?"

చారు పొంగు వచ్చింది. స్టవ్వు తగ్గించే పనిలో పడ్డాను. "కుడి చెయ్యి. ఇంకే చెయ్యి?"

ఆవిడ బఠాణీల సంచీ లోంచి ఎడమ చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. ఉంగరం వేలు వంకాయ రంగులో ఉంది.

కోప్పడలేదు. కోప్పడితే ఏదో ఒకటి అనేవాణ్ణి. "ఇరవై రెండేండ్ల సంది నేను బంతి పట్టంగ మీరు చూడలే," అంది. "ఇప్పుడు ఆడుతున్న. నా మీద జోకులెయ్యకుండ్రి. మెచ్చుకోకుండ్రి గూడ. ఊకె చూడుండ్రి."

నేను సరేనన్నాను. నేను సరే అనడం ఎంత సులువో ఆవిడకి తెలుసు.

*

రెండో ఆట వాళ్ళు గెలిచారు, మూడోది మేం, నాలుగోది మళ్ళీ వాళ్ళు. మొదటిది మాదే కాబట్టి చెరి రెండు. జులై ఆఖర్లో గోర్డన్ దగ్గర్నుంచి ఒక కాగితం వచ్చింది. అందులో ఐదో ఆట చివరి ఇన్నింగ్స్ ఎలా జరగాలో రాసి ఉంది.

మా టీములో ఒక్కొక్కరికి 1878 నాటి ఆటగాడి పేరు ఒకటి ఇచ్చారు. దమయంతి పేరు థామస్ రైలీ. ఎందుకిచ్చారో ఆ రోజు తెలిసింది. ఐదో ఆట ఆఖర్లో హామిల్టన్ ఒక్క పరుగు ముందుంది. లెఫ్ట్ ఫీల్డులోకి బంతి లేచింది. రైలీ దాని కిందికి వెళ్ళాడు, చేతుల్లోకి వచ్చింది, వదిలేశాడు. ఇద్దరు పరుగు తీశారు. ఛాంపియన్‌షిప్ పోయింది. అతను అమ్ముడుపోయాడని మర్నాడు పత్రిక రాసింది. ఆ నెలలోనే ఊరొదిలి వెళ్ళిపోయాడు. "కాబట్టి మిసెస్ దమయంతి దయచేసి ఆ క్యాచ్ వదిలేయాలి" అని ముగించాడు గోర్డన్.

ఇషిత గట్టిగా చదివింది. దమయంతి మొత్తం విని, "నేను వదిలెయ్య," అంది.

"మామ్, ఇట్స్ జస్ట్ యాక్టింగ్."

"నాకు యాక్టింగ్ రాదు. బంతి పట్టుడొచ్చు."

మర్నాడు గోర్డన్ మా ఇంటికి వచ్చాడు. వెనక డెక్కు మీద కూర్చోబెట్టి, మంచి శకునంగా సకినాలు పెట్టాను. ఆయన ఒకటి తీసుకుని, ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో తెలియక చుట్టూ తిప్పి చూశాడు.

"మేడమ్, ఏడేళ్ళు పాత పత్రికలు తిరగేసి ఈ సిరీస్ కూర్చాను. చివరి ఆట జరిగినట్టు జరగకపోతే అది ఉత్త పిక్నిక్. మీకు ఇష్టం లేకపోతే ఆ ఒక్క ఆటకి ఇంకొకర్ని పెడతాను. ఏమీ అనుకోను."

అంటే ఐదో ఆటకి దమయంతి బయట కూర్చోవాలి. నేను నోరు తెరిచాను. ఆవిడ నా వైపు చూసింది. మూసుకున్నాను.

"రైలీ కావాలని వదిలేసిండా?" అని అడిగింది ఆవిడ గోర్డన్‌ని, ఇంగ్లీషులో, నెమ్మదిగా.

"పత్రిక అలా రాసింది."

"పత్రిక కాదు. మీరేమనుకుంటున్నరు?"

గోర్డన్ సకినం కొరికాడు. అది విరిగిన చప్పుడుకి ఆయనే ఉలిక్కిపడ్డాడు. "లేదనుకుంటాను. ఆ రోజు ఎండ పశ్చిమాన ఉంది. అతను పరుగెత్తి వచ్చాడు. నిజంగానే జారిపోయిందనుకుంటాను. కానీ నా దగ్గర ఆధారం లేదు."

"మరి అతను పట్టాల్నని చూస్తే, నేను పడెయ్యాల్నని చూస్తే, నేను అతన్లెక్క ఆడినట్టెట్ల? పత్రికోడు రాసినట్టు ఆడినట్టు."

గోర్డన్ మిగిలిన సకినం పళ్ళెంలో పెట్టాడు. పక్కింటివాళ్ళ లాన్‌మోవర్ ఆగి, మళ్ళీ మొదలైంది.

"మీరు నా క్లాసులో ఉంటే నేను రిటైరయ్యేవాణ్ణి కాదు," అన్నాడు చివరికి. "లేదా ఇంకా ముందే రిటైరయ్యేవాణ్ణి. సరే. నిజంగా ప్రయత్నించండి. పడితే పట్టండి."

ఆయన వెళ్ళాక నేను ఆగలేకపోయాను. "దమ్మున్న దమయంతి!" అన్నాను. "పట్టెయ్. నూట నలభై ఏళ్ళ ఓటమిని ఒక్క చేత్తో పట్టెయ్."

"పడతనో లేదో నాకేం ఎరుక," అంది. "ఆడనిస్తుండ్రు. గంతే చాలు."

*

ఆగస్టు మూడో శనివారం. ఎండ పశ్చిమానికి తిరిగింది. ఐదొందల మంది వచ్చారు. స్థానిక పత్రికవాళ్ళూ వచ్చారు. నా బల్ల లెఫ్ట్ ఫీల్డు గీత పక్కన చెట్టు నీడలో ఉంది. గరాటా బల్ల మీద బోర్లించి పెట్టాను. ఆ రోజు స్కోరు తప్ప ఇంకేమీ చెప్పలేదు. ఇన్నింగ్స్‌కి ఇన్నింగ్స్‌కి మధ్య జనం నా వైపు ఆశగా చూశారు. ఎవరో "హేయ్, జోక్ మ్యాన్!" అన్నారు. నేను లెఫ్ట్ ఫీల్డు వైపే చూస్తూ కూర్చున్నాను. ఎనిమిది ఇన్నింగ్స్‌లు అలా చూశాక, నా కళ్ళకి మెల్లిగా చూడటం అలవాటైంది.

తొమ్మిదో ఇన్నింగ్స్. మేం ఆరు, వాళ్ళు ఐదు. వాళ్ళకి ఒక్క ఔట్ మిగిలింది. సెకండ్ బేసు మీద ఒకడు, థర్డ్ బేసు మీద ఇంకొకడు. క్యాచ్ పడితే సిరీస్ మాది. పడకపోతే ఇద్దరూ వచ్చేస్తారు, సిరీస్ వాళ్ళది. సరిగ్గా గోర్డన్ కాగితంలో ఉన్నట్టే వచ్చింది, ఎవరూ కావాలని చెయ్యకుండానే.

బంతి లేచింది. ఎత్తుగా కాదు, గీత వైపు వంపు తిరుగుతూ, నా వైపుకే. దమయంతి పరుగెత్తుకొచ్చింది. చివరి అడుగులో ముందుకి పడింది. చెయ్యి, గడ్డి, బంతి మూడూ ఒక్క చోట కలిశాయి. దొర్లి లేచింది. బంతి చేతిలో ఉంది.

జనమంతా గోర్డన్ వైపు తిరిగారు. గోర్డన్‌కి కనబడలేదు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని కొంచెం ముందుకొచ్చాడు. రూలు ప్రకారం దగ్గరగా చూసినవాణ్ణి అడగాలి. ఆ దరిదాపుల్లో ఉన్నది నేనొక్కణ్ణే.

"సర్! ప్రమాణపూర్తిగా చెప్పండి. క్యాచేనా?"

నేను చూశాను. ఇరవై అడుగుల దూరం నుంచి ఏ అడ్డమూ లేకుండా చూశాను. అయినా గరాటా ఎత్తాను. జూన్‌లో చూడనిదానికీ, పెళ్ళిచూపుల్లో నవ్వినదానికీ, అన్నింటికీ కలిపి ఈ ఒక్క మాట సరిపోతుందనిపించింది.

"క్యాచ్!" అన్నాను.

ఆ గరాటాలోంచి అది పార్కు దాటి వీధి దాకా వెళ్ళింది. జనం లేచి నిలబడ్డారు. శంకర్ బ్యాటొకటి పట్టుకుని పరుగెత్తుకొస్తున్నాడు, అది ఎందుకో వాడికే తెలియదు. ఇషిత, ఏదీ పట్టనట్టుండే ఇషిత, రెండు చేతులూ పైకెత్తి "మామ్!" అని కేకేస్తోంది.

దమయంతి నా వైపు చూడలేదు. శంకర్ని చేత్తో పక్కకి జరిపి, మైదానమంతా నడిచి గోర్డన్ దగ్గరికి వెళ్ళింది. పరుగెత్తలేదు, నడిచింది. ఆ నడకకి కేకలు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. బంతిని ఆయన చేతిలో పెట్టింది.

"కింద తాకింది, గోర్డన్."

ఆయన బంతి వైపు చూశాడు. తరవాత అంత దూరం నుంచి నా వైపు చూశాడు. 

నేను గరాటా బల్ల మీద పెట్టి లేచాను. "తాకింది," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. జీవితంలో మొదటిసారి నేను చెప్పింది ఎదుటివాడికి వినబడలేదు. గోర్డన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. గీత దాటి, మైదానంలోకి వెళ్ళి, ఆయన ఎదుట నిలబడి మళ్ళీ చెప్పాను. "తాకింది. నేను చూశాను."

"థాంక్యూ, సర్," అన్నాడు గోర్డన్. టోపీ తీసి జనం వైపు తిరిగి, ఎల్మ్‌ఫోర్డ్ ఏడు, హామిల్టన్ ఆరు అని తనే చెప్పాడు. తరవాత మా ఇద్దరికీ మాత్రమే వినబడేలా అన్నాడు. "ఆ రోజు ఎవరూ రైలీని అడగలేదు. నేను అన్ని పత్రికలూ చూశాను. ఒక్కడు కూడా అడగలేదు."

*

మా ఇల్లు పైన, హామిల్టన్ వాళ్ళు కొండ అని పిలిచే గట్టు మీద ఉంటుంది. కారు కొండెక్కింది. నా నోరు అంతకు ముందే కొండెక్కింది. దమయంతి పక్క సీట్లో మోకాలి మీది గడ్డి మరక గోటితో గీకుతూ కూర్చుంది. వెనక ఇషిత చెవుల్లో ఏవో పెట్టుకుంది.

రెండు సిగ్నళ్ళు దాటాయి.

"చెప్పుండ్రి," అంది దమయంతి.

"ఏం చెప్పను? సారీ. నీ కోసమే అలా..."

"సారీ కాదు. నా కోసం అబద్ధం చెప్పుమని నేనడగలే. ఏం చూసిండ్రో చెప్పుండ్రి."

గొంతు సవరించుకున్నాను. సవరించుకుంటే ఎప్పుడూ ఏదో ఒక చమత్కారం దానంతటదే వచ్చేది. ఈసారి రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

"బ్యాటు తగలకముందే కదిలావు," అన్నాను. "బ్యాటు పట్టినవాడు కాలు పక్కకి జరిపాడే, అప్పుడు."

"ఊఁ."

"ముందు రెండడుగులు లోపలికి వేశావు. తరవాత ఆగి, గీత వైపు తిరిగావు. అక్కడ పొరబడ్డావు."

"పొరబడలే. గాలికి వంపు తిరిగింది."

"గాలి నాకు తెలీలేదు. తిరగ్గానే తల దించేశావు. బంతిని చూడటం మానేసి పరుగెత్తావు. ఏడడుగులో ఎనిమిదో. అప్పుడు నాకు భయమేసింది. మళ్ళీ తలెత్తేసరికి బంతి నీ ముందే ఉంది, మోకాలి ఎత్తున. ఎండ నీ కళ్ళల్లో ఉంది. ఎడమ కన్ను మూశావు."

దమయంతి గీకడం ఆపింది.

"పడేటప్పుడు కుడి భుజం లోపలికి ముడుచుకున్నావు. అరచెయ్యి నేలకి ఆనించి దూర్చావు. బంతి వేళ్ళ మీదికి వచ్చింది. మునివేళ్ళు. అది కిందికి కుంగి, రెండు గడ్డిపరకలు నేలకి నొక్కుకున్నాయి. అప్పుడు వేళ్ళు మూశావు. లేచాక చేతిలో బంతి చూసుకోలేదు. వెనక్కి తిరిగి ఆ గడ్డిని చూశావు. అవి మెల్లిగా పైకి లేస్తున్నాయి."

వెనక ఇషిత చెవుల్లోవి తీసింది. "వెయిట్. డాడ్, యూ సా ఆల్ దట్?"

 మా వీధిలోకి తిరిగాం. ఇంటి ముందు కారాపి ఇంజన్ కట్టేశాను. ఎవరూ దిగలేదు. ఎదురింటి పిల్లలు డ్రైవ్‌వేలో బాస్కెట్‌బాల్ ఆడుకుంటున్నారు. ఎండ ఇంకా ఉంది.

దమయంతి సీటు బెల్టు తీసి, నా వైపు కొంచెం తిరిగి, కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది.

"మొదటి సంది చెప్పుండ్రి," అంది. "బ్యాటు తగలకముందు నుంచి."